వేళ్లు పట్టని బూట్లు

అమ్మా, నేను క్షేమం. కొండ మీంచి పడింది నేను కాదు, నా కొత్త బూటు.

దుకాణంవాడు రెండు సైజులు తక్కువవి అంటగట్టాడు. "వేళ్లు ముడుచుకోకపోతే అది కొండెక్కే బూటు కాదమ్మాయ్, ఇంట్లో తిరిగే చెప్పు" అన్నాడు. నాతో తాడు కట్టుకుని ఎక్కే ఎత్సియో దానికి వంత పాడాడు. నిన్న కొండగోడ సగంలో ఆగినప్పుడు, వేళ్ల మంట తట్టుకోలేక ఒక బూటు విప్పానో లేదో, జారి లోయలో పడింది. మిగతా సగం ఒంటి బూటుతో ఎక్కాను. పైన సత్రంలో ఎత్సియో అందరి ముందూ, "రెండోదీ విసిరెయ్ ఫియొరెన్సా, కింద జత కలుస్తుంది" అంటాడా! వాడి పొలెంటా సంకటి గిన్నె వాడి నెత్తినే బోర్లించాలనిపించింది. వాడి కాళ్లకి మాత్రం వదులైన పాత బూట్లు!

అమ్మమ్మ గుడ్డపీలికలు పొరలుగా కుట్టి చేసే బూట్లు ఒక జత శనివారం బస్సులో పంపించు. తాతయ్య ఈ కొండలెక్కింది వాటితోనే కదా. నాన్న దగ్గు తగ్గిందా? పంది మేత తింటోందా? అమ్మమ్మకి నా ముద్దులు.

కొలత కోసం ఈ పోస్టుకార్డు బొమ్మవైపు పాదం పెట్టి గీశాను. మడమ పట్టింది, వేళ్లు బయటికి పోయాయి. ఆ దుకాణంవాడైతే ముడుచుకోమనేవాడు.

నీ ఫియొరెన్సా