తలుపు పక్కన అర

నాయనా,

నీవు పోయి నేటికి ఏడాది. పొద్దున సమాధి కాడ దీపం పెట్టి ఇంటికొచ్చేసరికి, ఎమ్మిగనూరు లైబ్రరీలో నీ తర్వాత చేరిన సారు మన అరుగు మీద కూసోని ఉన్నాడు.

"అమ్మా, మీ నాయన పుస్తకాలు ఏ వరసన పెట్టినాడో అంతుపట్టడం లేదు. ఒకటి కావాలంటే పూటంతా ఎతుకుతాండాను. వచ్చి చూపిస్తావా?" అన్నాడు.

పోయినాను. నీవు అక్షరాల వరసన పెట్టలేదు, చదివేవాళ్లను బట్టి పెట్టినావు. మగ్గం గుంతలో కూసోని నడుము వంగిన ముసలోళ్లకు పెద్దక్షరాల పుస్తకాలు కింది అరలో. ఆదోని మిల్లుకు పోయే పడుచోళ్లవి అన్నిటికన్నా పైన. ఇంట్లో నీ నోట విన్నదంతా గడప ఇవతలే నిలబడి నేను చెప్తాంటే సారు రాసుకున్నాడు.

"మరి ఈ తలుపు పక్కన అరలోటివి ఎవరికమ్మా? ఎవరూ ముట్టుకోరే!" అన్నాడు.

అవన్నీ నేను చదివినవే. పెద్దమనిషినైనానని అవ్వ బడి మాన్పించినాక, రోజూ నీకు సద్ది తెచ్చేదాన్ని గదా. లోపల మగోళ్లుంటారని గడప దాటకుండా, బయటనుంచే చెయ్యి చాపి ఒక పుస్తకం తీసుకునేదాన్ని. అవి ఆడ ఊరికే ఉన్నాయనుకున్నాను. నాకోసం పెట్టినానని నీవు ఒక్కనాడూ చెప్పలేదు.

"ఆడపిల్లలకు సార్. ఈడనే ఉండనీ" అన్నాను.

"సరేలేమ్మా, ఉండనీ" అన్నాడు.

తర్వాత లోపలికి పోయి, మగోళ్ల నడుమ బెంచీ మీద కూసోని సాయంత్రం దాకా పేజీలు తిప్పినాను. ఒక్క ముక్కా తలకెక్కలేదు. ఎవరూ ఏమీ అనలేదు నాయనా.

నీ కూతురు