ఉప్పునీళ్ల తొట్టి గోపాల్‌కు

నేను, కీర్తిశేషులు రాయమల్లు కుమారుడు రాజమౌళిని. వయసు అరవై నాలుగు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నివాసం వరంగల్, మడికొండ. మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం నాదన్నది ఎవరికి చెందాలో ఇందులో రాస్తున్నాను. అమలు చేసే బాధ్యత నా కూతురు పద్మలతది.

1. మడికొండ ఇల్లు, బ్యాంకులో ఉన్నది పద్మలతకు సర్వహక్కులతో చెందుతాయి. ఇందులో వివరించాల్సిందేమీ లేదు.

2. నా భార్య సుభాషిణి చీరలు బీరువాలోనే ఉన్నాయి. నేను తీసి చూడలేదు. ఆకుపచ్చ గద్వాల చీర పద్మలత ఉంచుకుని, మిగతావి మా ఇంట్లో పనిచేసే పూలమ్మకు ఇవ్వాలి.

3. ముందుగదిలోని ఉప్పునీళ్ల అక్వేరియం, అందులో బతికున్న పగడాలు, రెండు నారింజ చారల చేపలు నా బావమరిది, నర్సంపేటలో విత్తనాల దుకాణం నడిపే గోపాల్‌కు చెందాలి. కారణం రాయాలి.

రెండేళ్ల కిందట సుభాషిణిని హైదరాబాద్ ఆసుపత్రిలో చేర్చినప్పుడు తొట్టిని గోపాల్‌కు అప్పగించాను. రోజుకు ఒక్క చిటికెడు మేత అని చెప్పాను. పందొమ్మిది రోజుల తర్వాత ఆమె శవంతో తిరిగి వచ్చాను. పగడాలను పచ్చటి నాచు కప్పేసింది. "చేపలు అద్దం కాడికొచ్చి నోర్లు తెరుస్తాన్నయి బావా, మూడు పూటలా ఏసిన" అన్నాడు గోపాల్. ఎక్కువైన మేత నీళ్లలో కుళ్లి నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతాయి. అవే నాచుకు బలం. సుభాషిణి కోసం ఏడవని నేను, దశదినకర్మ నాడు అందరి ముందు "నా ఇంట్ల అడుగు పెట్టకు" అని అతన్ని వెళ్లగొట్టాను. మళ్లీ రాలేదు.

4. కిందటి నెల నీటి పరీక్షల నోట్‌బుక్ తెరిచాను. ఆసుపత్రికి వెళ్లే ముందురోజు, నా చేతిరాతలోనే, ఫాస్ఫేట్ 0.6 అని ఉంది. ఉండాల్సినదానికి ఆరు రెట్లు. ఆమె జబ్బుపడ్డ నాలుగు నెలలూ నేను నీళ్లు మార్చలేదు. తొట్టి ముందు కుర్చీలో కూర్చుని "ఇంకో చిటికెడు ఎయ్యుండ్రి, తింటాంటే సూడబుద్దైతాంది" అనేది. వేసేవాణ్ణి. గోపాల్ వచ్చేటప్పటికే తొట్టి చెడిపోయి ఉంది.

అతన్ని వెళ్లగొట్టాక పంతానికి పోయి మేత బాగా తగ్గించాను. ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికలు వేశాను. సున్నాకు వచ్చింది. నీళ్లు తేటపడ్డాయి. కానీ కొంత ఫాస్ఫేట్ పగడాలకూ కావాలి; మిగిలినవి ఆకలికి తెల్లబడ్డాయి. ఇప్పుడు మళ్లీ కొద్దికొద్దిగా పెడుతున్నాను. గడ్డకట్టిన రొయ్య మేతను గోపాల్ కప్పులో కరిగించి, ఆ నీళ్లు వడకట్టి పారబోయాలి. రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి. ప్రతి ఆదివారం పదోవంతు నీళ్లు మార్చాలి. పరీక్షలో సున్నా వస్తే సంతోషించకూడదు.

5. వీలునామా మనిషి పోయాక అమలయ్యేది. ఈ సంగతి అంతవరకు ఆగకూడదనిపించి, నిన్న చిత్తుప్రతి పట్టుకుని నర్సంపేట వెళ్లి, దుకాణంలో కూర్చుని గోపాల్‌కు చదివి వినిపించాను. విని అతను, "దవాఖానల అక్క ఏమన్న తిన్నదా బావా?" అని అడిగాడు. రెండేళ్లలో నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. ఆఖరి మూడు రోజులు చెంచాతో కొబ్బరినీళ్లు పట్టానని, మింగలేదని చెప్పాను. అతను లేచి దుకాణం షట్టర్ దించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మడికొండ, 10 ఆగస్టు 2025
(సంతకం) రాజమౌళి

ఆయన చదువుకుని సంతకం చేయగా చూసిన సాక్షులు:
రమాకాంత్, పొరుగింటివారు
లక్ష్మీనర్సమ్మ, రిటైర్డ్ టీచర్