ధీరజ్‌కి జీతం, నాకు శాలువా

అమ్మా సుహాసినీ,

మన పాపటోయిటోయి పేట పిల్లల క్రికెట్ క్లబ్బు కార్యదర్శివి కాబట్టి నీకే రాస్తున్నాను. కోచ్ ధీరజ్‌ని ఒప్పందం గడువుకు ముందే మాన్పించి, మిగిలిన జీతమంతా ఇచ్చి పంపారట. ఇంట్లో కూర్చోవడానికి జీతం! అసూయతో నాకు అన్నం సయించడం లేదు.

ఈ వింత ఎక్కడ పుట్టిందా అని లైబ్రరీలో తిరగేశాను. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లోనట. కోచ్‌లను పక్క కాలేజీలు ఎగరేసుకుపోతుంటే "మధ్యలో పోతే డబ్బు కట్టు" అన్నారట కాలేజీవాళ్ళు. "మధ్యలో తీసేస్తే మీరు కట్టండి" అన్నారట కోచ్‌లు. గడుసువాళ్ళు!

ధీరజ్‌కి ముందు నేను పైసా తీసుకోకుండా నేర్పాను. ధీరజ్ మెడలో ఈల చూశాకే నన్ను తీసేశారని తెలిసింది. "అంకుల్, ఇక రెస్ట్ తీసుకోండి" అంటూ శాలువా కప్పావు.

ఇప్పుడా చోటు ఖాళీ. నన్ను పిలవండి. జీతం వద్దు, ఒప్పందం రాయండి: తీసేసే రోజున కమిటీ అంతా మా ఇంటికొచ్చి, మీ ఆంటీ ఉప్మా తిని, ఆ మాట నా మొహం మీదే చెప్పాలి.

ఇట్లు,
పిలుపు కోసం చూస్తున్న పాత కోచ్