కొండమీది సరస్సు, ఇద్దరు సాక్షులు

నాన్నకి,

నేను బాగున్నాను. నాన్నకి ఈ కార్డు చదివి వినిపిస్తున్న పోస్టుమాన్ బాబాయ్, అత్తయ్య పక్కనుంటే కాస్త గొంతు తగ్గించు.

నాన్నా, నేను లేచిపోతున్నాను! నువ్వు సరేనన్న ఆ పడవల మెకానిక్‌తోనే. ఏం చెయ్యను, మా పెళ్ళికి అత్తయ్య పిలుపుల జాబితా నాలుగు వందలు దాటింది. పదహారో తేదీ పొద్దున్నే కొండమీది సరస్సు గట్టున పెళ్ళి. మొన్న చోటు చూడ్డానికి వెళ్తే, మేం రాసుకున్న ప్రమాణాల కాగితం గాలికి ఎగిరి నీళ్ళలో పడింది. తను బూట్లతోనే మోకాళ్ళ లోతుకి దిగి తెచ్చాడు. సిరా అంతా కరిగిపోయింది. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, "చచ్చేంత చలేస్తోంది, అయినా నిన్ను వదల్ను" అన్నాడు. ప్రమాణంగా అదే ఖాయం చేశాం.

కంటి కట్టు విప్పారా? చుక్కల మందు మానకు. బీరువా కింది అరలో నా ఉన్ని స్వెట్టరు ఉంది, వచ్చేటప్పుడు తీసుకురా. అవును, నువ్వు రావాలి. నువ్వు లేకుండా లేచిపోవడం నావల్ల కాదు. దీవెనలు కార్డులో రాయించకు, వచ్చి ఇవ్వు. అత్తయ్య తిట్లు తర్వాత ఇద్దరం కలిసి తిందాం.

బాబాయ్, ఇద్దరు సాక్షులు కావాలట. ఇంత చదివాక నాకేం తెలీదంటే కుదరదు. సెలవు పెట్టి, నాన్న చెయ్యి పట్టుకుని తీసుకురా. రెండో సంతకం నీదే.

మీ అమ్మాయి