ఎవరూ లేని ఊళ్లో పొయ్యి పెత్తనం

సోరెల్, టెక్సాస్
మే 2

ప్రియమైన, మబ్బులకి పొరుగింటి మనిషివైన వెర్నా అక్కకి,

చరిత్రలో పట్టభద్రుడు, సోరెల్ సంగీత బార్బెక్యూ మహోత్సవానికి ఏకైక సంచాలకుడు, నిన్ననే తుప్పల్లో ఒక బూటు పోగొట్టుకున్నవాడు అయిన నీ తమ్ముడు ఎల్డన్ రాయునది.

ఊళ్లో అందరూ క్షేమం. జనాభా నువ్వు కొండెక్కిన రోజు ఎంతో ఇవాళా అంతే. నేల మీద సున్నా (పొలిమేర అవతలి మన ఇల్లు లెక్కలోకి రాదు), నేల కింద రెండువందల పదకొండు. ఇక్కడ ఫోను పలకదు, నీ కాపలా మంచె మీదా పలకదు. కాబట్టి మన తాతల కాలంలోలాగా ఉత్తరాలే గతి. పద్దెనిమిది మైళ్లు పోయి కాంట్రెల్‌లో పోస్టు చేస్తున్నాను. ఆ శ్రమని గుర్తించు.

ఏటా మే చివర, పోయినవాళ్లని తలుచుకునే మెమోరియల్ డేకి ఏం జరిగేది? పాత సోరెల్ కుటుంబాలు దిగి, సమాధుల దగ్గర గడ్డి పీకి, తాత వండిన మాంసం తిని, ఆయనతో ‘పోయినేటికన్నా బాగుంది అలోయిస్’ అని అబద్ధమాడి, చీకటి పడకుండా పారిపోయేవాళ్లు. ఈసారి అలా కాదు. మూడు రోజులు. పాత డాన్సు హాల్లో ఐదు పాటల బృందాలు. కౌంటీలో ప్రతి కరెంటు స్తంభం మీదా నా కరపత్రం. ఆరువందల మంది వస్తారు. చచ్చిన ఊరు చూడ్డానికి బతికున్నవాళ్లకి ఎంత సరదానో.

ఇక అసలు విషయం. తాత కుడి భుజం పైకి లేవట్లేదు. పొయ్యి ఇంకొకరికి అప్పగించక తప్పదు. నువ్వు న్యూమెక్సికో కొండల మీద అడవి మంటలకి కాపలా. మిగిలిందెవరు? మొన్న ఆదివారం తాత పొయ్యి మూత ఎత్తే ఆ పొడుగాటి ఇనప కొంకి పట్టుకుని బయటికొచ్చాడు. నేను వినయంగా తల వంచి నిలబడ్డాను. ఆయన నా తల మీదుగా కొంకిని చాచి నెల్డా ప్రూయిట్ చేతిలో పెట్టాడు.

నెల్డా ప్రూయిట్ ఎవరంటావా? కాంట్రెల్‌లో ఇరవై ఏళ్లుగా స్కూలు బస్సు నడిపే ఆవిడ. బస్సు! మన నియమం సంగతేమిటి? పొయ్యి పట్టేవాళ్లకి సోరెల్ సమాధుల తోటలో రక్తసంబంధీకులు కనీసం ఒకరుండాలి. నాకు పంతొమ్మిది మంది ఉన్నారు. ఆవిడకి ఒక పిల్లి కూడా లేదు. ఈ మాటే తాతతో అన్నాను.

“అయితే పోయి ఆ పంతొమ్మిది మందినీ వండమను,” అన్నాడు.

నీ అవమానితుడు, 
ఎల్డన్ మారెక్


కాపలా మంచె
మే 9

ప్రియమైన సంచాలక మహాశయుడికి,

నీ ఉత్తరం ఉప్పు, కాఫీలతోపాటు కంచరగాడిద మీద వచ్చింది. దాని మొహం చూస్తే దారిలో అదే ముందు చదివినట్టుంది.

ఒరేయ్, ఇన్నేళ్లలో పొయ్యి దగ్గర నిన్ను చూసింది రెండే సార్లు. ఒకసారి ఫిడేలు వాయిస్తూ వచ్చావు. ఇంకోసారి పొగకి అడ్డంగా నిలబడి అమ్మాయిలతో ఫొటో దిగావు. తొమ్మిదేళ్లు పక్క కంతలోంచి బొగ్గులు తోసినదాన్ని, జుట్టంతా పొగ కంపుతో కాలేజీకి పోయినదాన్ని, నేనే ఏమీ అనట్లేదు. నీకెందుకురా అంత మంట?

ఒక్క విషయం మాత్రం చెప్తాను, విను. శనివారం సాయంత్రం మాంసం పేర్చి రేకు మూత దించాక, ఆదివారం మధ్యాహ్నం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒక్కసారి ఎత్తి చూసినందుకు తాత నానమ్మతోనే నెలరోజులు మాట్లాడలేదు. సంచాలకులకి ఇందులో మినహాయింపు లేదు.

ఇంతకీ ఆవిడ మూత అంచులకి తడి గోనెసంచులు కప్పుతోందా? కప్పితే మాత్రం పనితెలిసిన మనిషే. గొడవపడకు. అసూయ నీ మొహానికి నప్పదు.

ఇక్కడ మంటల్లేవు. నిన్న ఒక మేఘం చూసి పొగ అనుకుని కిందికి కబురు పెట్టి తిట్లు తిన్నాను.

నీ మేలు కోరే, 
వెర్నా


సోరెల్
మే 16

ప్రియమైన, తటస్థురాలైన అక్కకి,

అసూయ కాదే అది. చారిత్రక న్యాయం గురించిన ఆందోళన. ఈ రెంటికీ తేడా ఉంది. తేడా ఏమిటో నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

పరిస్థితి విషమించింది. ఆవిడ తాతని నవ్విస్తోంది. మన తాతని! నేను జోకు వేస్తే ‘ఊఁ, తర్వాత?’ అనే మనిషి, ఆవిడ బస్సులో ఎవడో వెనక సీట్లో కోడిపెట్టని దాచిన కథ చెప్తే కంచె పట్టుకుని వంగిపోయి నవ్వాడు. ఆ కథ నేను విన్నాను. అంత గొప్పగా ఏమీ లేదు. కోడి పాత్ర చాలా బలహీనంగా ఉంది.

కొంకి ఆవిడ చేతిలో ఉంటే నా కళ్లు దాని వెనకే పోతాయి. గోడకి ఆనించేటప్పుడు కూడా మెల్లిగా ఆనిస్తుంది, నిద్రపోతున్న బిడ్డని పడుకోబెట్టినట్టు. నేనైతే విసిరేసేవాణ్ని. అది వేరే సంగతి.

బుధవారం మచ్చు చూడ్డానికి ఒక బ్రిస్కెట్ కాల్చింది. ఎద్దు రొమ్ము మాంసం మీద ఉప్పూ మిరియాలూ తప్ప ఇంకేమీ వెయ్యలేదు. నాకో ముక్క కోసిచ్చింది. “ఎలా ఉంది బాబూ?” అంది. “పరవాలేదు,” అన్నాను. అక్కా, పొయ్యి వెనక్కి పోయి వేళ్లు నాక్కున్నాను. ఈ వాక్యం మన ఇద్దరి మధ్యే ఉండాలి.

సరే, గోనెసంచుల సంగతి నేను రాయలేదే? కప్పుతోంది మరి. నీకెలా తట్టింది? ఇంకొకటి. ‘తాతా, నేనేం పాపం చేశాను?’ అని ముఖాముఖీ అడిగాను. ఆయన “మీ అక్క అన్నది...” అని మొదలుపెట్టి, సీసా ఎత్తి బీరు తాగి, “వాన వచ్చేట్టుందిరా” అన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నువ్వేమన్నావు?

నీ నీతిమంతుడు, 
ఎల్డన్


కాపలా మంచె
మే 20

ప్రియమైన ఎల్డన్‌కి,

గాడిద దిగిపోతోంది, చిన్నగా రాస్తున్నాను. తాతతో నీ గురించి మంచే చెప్పాను. ఆయనకి వయసైంది, ఏదో కలగాపులగం చేసి ఉంటాడు. గోనెసంచులు ఎవరైనా కప్పుతారు.

పండగ బాగా చెయ్యి. స్టేజీ నీది, మైకు నీది, ఐదు బృందాలూ నీవి. అది చాలదా ఒక మనిషికి?

వెర్నా


సోరెల్
మే 27

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరంలో హాస్యం తక్కువగా ఉంటే క్షమించు. కనుబొమ్మలు లేకుండా రాస్తున్నాను.

వరసగా చెప్తాను. శనివారం అద్భుతం. పైకప్పు సగం లేని డాన్సు హాల్లో పోల్కా మొదలైతే పాత చెక్కల సందుల్లోంచి డెబ్భై ఏళ్ల దుమ్ము లేచింది. ముసలమ్మలు తుమ్ముతూ ఆడారు. సాయంత్రం నెల్డా నలభై బ్రిస్కెట్లు పేర్చి, మూత దించి, తడి గోనెసంచులు కప్పింది. జనం చప్పట్లు కొట్టారు. మూత దించినందుకు చప్పట్లు! నేను అంతకు ముందే ఫిడేలు మీద మూడు పాటలు వాయించాను, నాకు ఇన్ని రాలేదు.

ఆదివారం బాగా తెల్లారాక ఆవిడ మొహం కడుక్కోవడానికి వెళ్లింది. పొయ్యి దగ్గర నేనొక్కణ్ణే. ఊరికే ఒకసారి చూద్దామనిపించింది. ఎక్కడో ఒక్క ముక్క మాడి ఉండాలని, ఒక్కటంటే ఒక్కటి ఎండిపోయి ఉండాలని ఎంత కోరుకున్నానో నీకు చెప్పలేను. మూత ఎత్తాను.

ఒక్కటి కూడా మాడలేదే. నలభైకి నలభై, నల్లగా నిగనిగలాడుతూ, వేలితో తాకితే వణికేట్టు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. పొగ వల్ల కాదు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఈలోగా గాలి సోకి కొవ్వు గుప్పున మండి మంట నా మొహం మీదికి లేచింది. మూత వదిలేసి పారిపోయాను.

నెల్డా వచ్చి అరచెయ్యి రేకు మీద ఆనించింది. పక్క కంతలోంచి బొగ్గులు తొయ్యడం మొదలుపెట్టింది. వేడి పోతే ఆ మాంసం మళ్లీ దారికి రావడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. పన్నెండింటికి పెట్టాల్సిన భోజనం నాలుగున్నరకి పెట్టాం. ఆరువందల మంది పళ్లాల్లో చిక్కుడుగింజలూ ఊరగాయ ముక్కలూ పెట్టుకుని ఎండలో కూర్చున్నారు. నేను మైకు పట్టుకుని బృందం తర్వాత బృందాన్ని స్టేజీ ఎక్కించాను. వేళ్లు వాచి ఒక గిటారు అతను నన్ను తిట్టాడు.

అప్పుడు నెల్డా వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది. “పొయ్యి నా చేతిలో చల్లబడింది. తప్పు నాదే. కాస్త ఓపిక పట్టండి,” అంది. పక్కన నేను నిలబడే ఉన్నాను. అక్కా, నాకు సిగ్గేసిందని రాయాలి కదా. మొదట వేసింది సిగ్గు కాదు. మంచితనంలో కూడా నన్ను ఓడించిందే అని ఒళ్లు మండింది. సిగ్గు తర్వాత వచ్చింది, సోమవారం పొద్దున్న, సమాధుల దగ్గర గడ్డి పీకుతుంటే.

తాత దగ్గరికి పోయాను. “తాతా, మూత తీసింది నేను,” అన్నాను.

“తెలుసు.”

“నెల్డా చెప్పిందా?”

“అద్దం చూసుకున్నావట్రా నిన్నట్నుంచీ?”

ముట్టుకుని చూసుకున్నాను. కనుబొమ్మలు లేవు. ఒక్క వెంట్రుక లేదు. అంటే ఆదివారం రోజంతా ఆరువందల మంది ముందు మైకు పట్టుకుని, ‘అనివార్య కారణాల వల్ల ఆలస్యం’ అని గంభీరంగా ప్రకటించిన నా మొహం మీద ఆ కారణం రాసే ఉంది. ప్రతివాడికీ తెలుసు. తప్పు తనదేనని నెల్డా అంటున్నప్పుడు కూడా అందరూ నన్నే చూస్తున్నారు. నా అందం చూస్తున్నారనుకున్నాను.

తర్వాత తాత సమాధుల తోట చూసుకునే సంఘం వాళ్లందర్నీ పిలిచి, కొంకి ఇక నెల్డాదేనన్నాడు. ఈ ఒక్క ఏటికి కాదు, ఆవిడ చెయ్యి ఆడినన్నాళ్లూ. నియమం సంగతి ఎవరో అడిగారు. నేను కాదు, ఒట్టు. తాత ఏమన్నాడో తెలుసా? “రక్తసంబంధం నేను పుట్టించలేను. చోటు ఇవ్వగలను. ఎల్డన్ కోసం అట్టే పెట్టిన స్థలం ఆవిడకి రాయండి.” అందరూ చెయ్యెత్తారు. అయిపోయింది. బతికుండగానే సమాధి పోగొట్టుకున్న మొదటి మారెక్‌ని నేనే.

వచ్చే ఏటికి బొగ్గులు తోయడానికి ఒక మనిషి కావాలని నెల్డా అడిగింది. “ఇంకెవరు, వెర్నా,” అన్నాడు తాత. నా వైపు కూడా చూడలేదు. నీకు అభినందనలు. మనస్ఫూర్తిగా రాద్దామని మూడుసార్లు కాగితం మార్చాను. ఇంతకన్నా రాలేదు.

నీ నున్నటి మొహపు తమ్ముడు, 
ఎల్డన్


కాపలా మంచె
జూన్ 4

నా ఎల్డన్‌కి,

కనుబొమ్మల దగ్గర చాలాసేపు నవ్వాను. మంచె ఊగింది. ఆ తర్వాత నీ స్థలం సంగతి చదివాను, నవ్వు ఆగిపోయింది.

మార్చిలో, ఈ కొండెక్కే ముందు, తాత నన్ను వంటింట్లో కూర్చోబెట్టాడు. “భుజం పోయిందే. కొంకి ఎల్డన్‌కి ఇద్దామనుకుంటున్నా. వాడికి జనం అంటే ఇష్టం, జనానికి వాడంటే ఇష్టం. నువ్వేమంటావు?” అన్నాడు. నేనేమంటానో అడిగాడు కాని, నీకు కావాలా అని అడగలేదు. తొమ్మిదేళ్లురా. ఆ కంత ముందు మోకాళ్ల మీద కూర్చున్నది నేను. నువ్వు ఫిడేలు పట్టుకుని అలా నడిచొస్తే చాలు, తాత మొహం వెలిగిపోతుంది. నా మోకాళ్ల వంక ఎప్పుడైనా చూశాడా?

“వాడికి వద్దు తాతా,” అన్నాను. “వాడు ఆగలేడు. మూత తీసేస్తాడు.”

నువ్వు అప్పటికి ఏ మూతా తీయలేదు. నాకది తెలుసు. నీ మీద నేను చెప్పింది అబద్ధం. నువ్వు పోయి దాన్ని నిజం చేసి పెట్టావు, పిచ్చివెధవా.

నెల్డా పేరు చెప్పింది కూడా నేనే. రెండేళ్ల కిందట కౌంటీ సంతలో మాంసం కాల్చే పోటీ వాన పడి రద్దయిందని చెప్పాను కదా? వాన పడలేదు. మొదటి బహుమతి ఆవిడకొచ్చింది, రెండోది నాకు. తడి గోనెసంచులు అక్కడే చూశాను. మన సమాధుల తోటలో ఆవిడకి ఎవరూ లేరు కాబట్టి ఒక్క ఏడాదికి మించి ఆవిడ పొయ్యి పట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, సెప్టెంబరులో నేను దిగేసరికి కొంకి ఖాళీగా ఉంటుంది అని లెక్క వేశాను. నీ చేతికిస్తే మాత్రం ఎప్పటికీ తిరిగి రాదు. అందుకే పరాయి మనిషిని తెచ్చి మధ్యలో పెట్టాను. ఆవిడకి ఇవేవీ తెలీవు. మే నెలంతా నీకు నీతులు చెప్పింది ఈ నోటితోనే.

ఈ కవర్లో ఇంకో కాగితం ఉంది. తాతకి. అంటించలేదు, చదువుకో. మార్చిలో నేనన్నది అబద్ధమనీ, బొగ్గుల పనికి నా బదులు నిన్ను పెట్టమనీ, నానమ్మ పక్కన నా పేరున ఉన్న స్థలం నీకు రాయమనీ అందులో ఉంది. అది ఇస్తే తాత నాతో ఎన్ని నెలలు మాట్లాడడో తెలీదు. చింపేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. వచ్చే ఏడు బొగ్గులు తోసేది నేనే అవుతాను, నువ్వు నా వెనక నిలబడి కుళ్లుకోవచ్చు. నేనే నేరుగా తాతకి పంపొచ్చు. కాని నీ గురించి నిన్ను అడక్కుండా తాతతో మాట్లాడ్డం ఒకసారి చేశాను కదా, అది చాలు.

గాడిద మంగళవారం మళ్లీ వస్తుంది. దాని మీద నీ ఉత్తరం లేకపోతే అర్థం చేసుకుంటాను. కాని రాయరా. తిట్టు. రెండు పేజీలకి తగ్గకుండా తిట్టు.

నీకంటే ముందు నుంచీ కుళ్లుకుంటున్న, 
నీ అక్క