ఫ్యూజు ఆఖరున పెట్టండి

ఏవండీ,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నాను. మీరు లేవగానే కారులో పాటల ఆంప్లిఫయర్ మళ్లీ బిగిస్తారని తెలిసి రాస్తున్నాను. మీకు చెప్పేంతదాన్ని కాదనుకోండి.

కారు తాళం జేబులో పెట్టుకోండి. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆంప్లిఫయర్ వైరుకున్న ఫ్యూజు పీకేయండి. ఆంప్లిఫయర్ దగ్గర వైర్లన్నీ బిగించాక బ్యాటరీకి ప్లస్ వైరు, ఆ తర్వాతే మైనస్ తగిలించండి. వెంటనే ఫ్యూజు గుచ్చకండి. ఆంప్లిఫయర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, మొన్న రవ్వలు లేచింది అందుకే. ఫ్యూజు చోట ముందు నేను వైర్లు కట్టి ఉంచిన ఇండికేటర్ బల్బు పెట్టండి. అది వెలిగి మెల్లగా ఆరిపోతుంది. ఆరాక బల్బు తీసి వెంటనే ఫ్యూజు పెట్టండి. ఆరకపోతే ఎక్కడో షార్టు ఉన్నట్టే, ఇక ముట్టుకోకండి.

పెళ్లికి ముందు మా నాన్న షాపులో ఆరేళ్లు చేసిన పని ఇది. మొన్న ఆదివారం చెప్పబోతే "నువ్వు టార్చి పట్టుకో చాలు" అన్నారు. రవ్వలు లేచి టార్చి కింద పడితే, "అది కూడా చేతకాదు దీనికి" అని మీ స్నేహితుల ముందు నవ్వారు. నా చెయ్యి వణకలేదండీ. మీ చెయ్యి పక్కకి లాగడానికి టార్చి వదిలేశాను. ఆంప్లిఫయర్ పోయిందేమోనని మూడుసార్లు చూసుకున్నారు. నా వేళ్ల వంక ఒక్కసారీ చూడలేదు.

బల్బు టూల్ డబ్బాలో ఉంది. పక్కనే కాలినదానికి రాసే మందు పెట్టాను, సగం నేనే వాడేశాను. ఈసారి మీ చెయ్యి లాగడానికి పక్కన ఎవరూ ఉండరు.