చరణానికి ముందు నువ్వు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ రోజు అమ్మకు వినిపిద్దామని, బోయిగూడ చర్చిలో నువ్వు నడిపిన క్వయర్ పాటల గ్రామఫోన్ రికార్డును పోయిన వారమే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. చిటపటలు, గరగరలు అన్నీ తీసేశాను. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవాలని, ఈ రోజు దాకా ఆగలేక అప్పుడే అమ్మను వినమన్నాను. చివరిదాకా విని, "మంచిగనే ఉంది గానీ, మీ నాన్న ఏడే?" అంది.

నువ్వు అందులో పాడలేదు కదా. ప్రతి చరణానికీ ముందు గొంతు సవరించుకునేవాడివి. అదే అందరికీ సైగ, అది వినగానే పాట ఎత్తుకునేవాళ్లు. గరగరలతో పాటు దాన్ని కూడా తుడిచేశాను. పైగా శుభ్రం చేసినదాన్ని అసలు ఫైలు మీదే సేవ్ చేశాను.

రికార్డు మళ్లీ పెట్టాల్సిందే. కానీ దాని అంచున వెంట్రుకంత పగులుంది. కార్ఖానా ఏరియాలో పాత ప్లేయర్లు బాగుచేసే ఆయనకు చూపిస్తే, "ఇంకొక్కసారి నడుస్తదేమో అక్కా. పలిగితే మాత్రం నన్ననొద్దు" అన్నాడు. అప్పటి నుంచి దాన్ని ముట్టుకోవాలంటేనే భయం.

ఇందాక మూడుసార్లు సూది దించబోయి ఎత్తేశాను. కాస్త ధైర్యం వస్తుందేమోనని ఇది రాస్తున్నాను. పక్కన కూర్చోమంటే అమ్మ రానంది. "నాతోని కాదు బిడ్డా, నువ్వే పెట్టు" అని గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది.

ఇప్పుడే వంటింట్లో నల్లా చప్పుడు ఆగింది. అమ్మ చెవి ఇటే పెట్టినట్టుంది.